ఎడారిలో ముగ్గు పోసిన కోట

నా వ్యాసం తిరిగి వచ్చిన ఉదయం మా ఆయన డ్యూటీలో ఉన్నారు. కతార్‌లోని అల్ ఖోర్‌లో గ్యాస్ ప్లాంట్ ఉద్యోగుల కుటుంబాల కోసం కట్టిన కాలనీలో మా ఇల్లు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి చదివాను. ఇంగ్లండులో ఉండే మా టీచరుగారు వ్యాసం కింద రాసింది నాలుగు వాక్యాలే. పుస్తకాలు బాగా చదివారు. ఎవరేం చెప్పారో పొరపాటు లేకుండా పేర్చారు. కానీ ఆ కోటలో మనుషులు ఎలా మసిలేవారో, దాని గురించి మీరేమనుకుంటున్నారో ఇందులో ఎక్కడా లేదు. మళ్ళీ రాసి పంపండి.

పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా ఆ వాక్యాల్నే చూస్తూ కూర్చున్నాను.

మాది గోదావరి లంకల వైపు. పెళ్ళికి ముందూ తర్వాతా చాలా ఏళ్ళు మిషన్ స్కూల్లో సోషల్ పాఠం చెప్పాను. ఆయనకి ఇక్కడ కుటుంబాన్ని తెచ్చుకునే వీలు దొరికాక ఉద్యోగం మానేసి కతార్ వచ్చేశాను. అమ్మాయి చిన్నగా ఉన్నన్నాళ్ళూ దాని స్కూలూ, చర్చీ, వంటా, వీటితోనే రోజు గడిచిపోయేది. అది విజయవాడలో కాలేజీలో చేరి హాస్టల్‌కి వెళ్ళాక ఇంట్లో పని తరిగిపోయింది. మధ్యాహ్నాలు మరీ పొడుగ్గా అనిపించేవి. అప్పుడే ఇంటి దగ్గర కూర్చుని చదివే పురావస్తు శాస్త్రం కోర్సులో చేరాను. చర్చిలో తోటివాళ్ళు, ఈ వయసులో చదివితే కంప్యూటర్ అకౌంట్సు చదవాలి గానీ పాడుబడ్డ రాళ్ళ గురించి ఏం చేసుకుంటావని అడిగారు. నిజానికి నాకూ తెలియదు. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు మొహెంజొదారో దగ్గరికి వచ్చేసరికి గొంతు మారేదని నా పాత విద్యార్థిని ఒకమ్మాయి అంది. నా దగ్గరున్న కారణం అంతే.

ఆ ఏడాది రోమన్ల సరిహద్దుల మీద ఒక పాఠం. ఇంగ్లండుకి ఉత్తరాన రోమన్లు ఈ తీరం నుంచి ఆ తీరం దాకా ఒక పొడవాటి గోడ కట్టారు. ఆ గోడని ఆనుకుని, రోమన్ల లెక్కలో మైలుకొకటి చొప్పున చిన్న చిన్న కోటలు. కోట అంటే రాజులుండే కోట కాదు. నాలుగు గోడలు, గోడకి అవతల ఉత్తరం వైపు తెరుచుకునే ద్వారం ఒకటి, ఇవతల దక్షిణం వైపు ఒకటి, లోపల కొద్దిమంది సైనికులు పడుకునే గది, ఒక మూల రొట్టెలు కాల్చుకునే పొయ్యి, ఇంకో మూల గోడ మీదికి మెట్లు. మా కాలనీలో పక్కపక్కనున్న రెండిళ్ళ జాగాలో ఇమిడిపోతుంది. క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కొక్క కోట ఇచ్చారు. మిగతావాళ్ళు ఒక వారాంతం బస్సులో వెళ్ళి తమ తమ కోటలు చూసొచ్చారు. నేనూ వీసాకి పెట్టాను. రాలేదు.

వ్యాసం తిరిగి వచ్చిన మర్నాడు టీచరుగారితో వీడియో కాల్‌లో మాట్లాడాను. వీసా సంగతి చెప్పాను. ఆవిడ నిజంగానే బాధపడింది. తర్వాత ఒక మాట అంది. చూసినవాళ్ళకి కూడా అక్కడ పెద్దగా ఏమీ కనబడదు, మిగిలింది మోకాలెత్తు పునాదులే, చాలాచోట్ల అవీ లేవు, గడ్డి కింద గట్లలా ఉంటాయి అంది.

ఓదార్పుగా అందో, ఊరికే అందో గానీ ఆ మాట నన్ను పట్టుకుంది. మిగిలింది పునాది గీతలే అయితే, ఆ గీతలు ఇక్కడ గీసుకోవచ్చు. కొలతలన్నీ పుస్తకంలో ఉన్నాయి. మా వైపు ఇల్లు కట్టేముందు పునాది తవ్వే చోట సున్నంతో ముగ్గు పోస్తారు. గోడలు లేవకముందే ఇంటాయన ఆ ముగ్గులో తిరిగి, ఇది వంటిల్లు, ఇది పడకగది అని చూసుకుంటాడు. నేనూ అదే చెయ్యాలనుకున్నాను.

ముందు కాలనీ కార్ల పార్కింగులో సుద్దముక్కతో మొదలెట్టాను. ఒక గోడ పూర్తి కాకముందే సెక్యూరిటీ గార్డు వచ్చాడు. నేపాల్ అబ్బాయి, మర్యాదస్తుడు. ఏం చేస్తున్నానో అడగలేదు. కార్లు వచ్చే వేళయింది, కడిగేయమని మాత్రం చెప్పాడు. బకెట్టుతో నీళ్ళు తెచ్చి కడిగేశాను. ఎలాగూ అక్కడ మొత్తం కోట పట్టేది కాదు.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను, శనివారం ఎడారిలోకి వెళ్దామని.

ఆయన అన్నం కలుపుతూ ఆగారు. "మనం ఇక్కడికి ఉద్యోగానికొచ్చాం. ఎడారిలో తాళ్ళు లాగుతూ ఎవరి కంటైనా పడితే ఏమని చెప్తాం?"

"కోట అని చెప్తాను."

"నవ్వుతారు."

"నవ్వనీండి. ఆవిడ రెండోసారి కూడా తిప్పి పంపితే మాత్రం నేను నవ్వలేనండి."

ఆయన కంచం తీసుకుని లేచిపోయారు. కానీ శుక్రవారం, ఇక్కడ ఆరాధన ఆ రోజే, చర్చి నుంచి వచ్చాక కాలనీ ఫుట్‌బాల్ గ్రౌండు వాళ్ళని అడిగి, గీతలు గీసే తెల్లపొడి సగం బస్తా కారులో పెట్టించుకొచ్చారు. తోడుగా కాలనీ స్కూలు బస్సు నడిపే తమ్ముణ్ణి పిలిచారు. అతనిది జగిత్యాల వైపు. మా అమ్మాయిని చాలా ఏళ్ళు ఆ బస్సులోనే స్కూలుకి తీసుకెళ్ళాడు, ఆ చనువుతో నన్ను అక్కా అంటాడు.

చలికాలం, పొద్దున ఎండ హాయిగా ఉంది. ఊరు దాటి మట్టిబాట మీద కొంతదూరం వెళ్ళి, చదునుగా ఉన్నచోట కారు ఆపాం. దూరంగా ఎవరివో చలికాలపు గుడారాలు, వాటి పక్కన నీళ్ళ ట్యాంకరు. మేకులు దిగ్గొట్టి తాడు కట్టాం. నాలుగు గోడల చుట్టూ పొడి పోసి వెనక్కి వచ్చి చూస్తే కోట ఒక పక్కకి ఒరిగినట్టుంది. పుస్తకంలో పటం అలా లేదు. ఆయన కాసేపు చూసి, టేపు తీసుకుని మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా కొలిచారు. రెండూ సమానం కాలేదు. మేకులు పీకి మళ్ళీ కొట్టాం. ఈలోగా గాలి లేచింది. మేం పోసిన తెల్లపొడి మా కళ్ళముందే పొగలా ఎగిరిపోయింది.

ఆయన నా వంక చూశారు. ఇంటికి పోదామని అంటారనుకున్నాను. నేనే ముందు వంగి ఒక రాయి తీసుకుని తాడు పక్కన పెట్టాను. ఇక్కడి ఎడారి ఇసుకదిబ్బలు కాదు, నేలంతా చిన్న చిన్న సున్నపు రాళ్ళే. ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయాను. కొంతసేపటికి ఆ తమ్ముడు ఎదుటి వైపు నుంచి మొదలెట్టాడు. ఆయన కారు డిక్కీలోంచి గ్లోవ్స్ తెచ్చి మా ఇద్దరికీ ఇచ్చి తనూ వంగారు.

ఆ రోజు రెండు గోడలే అయ్యాయి. మిగతాది మరుసటి శనివారం.

రెండో శనివారం కోట పూర్తయింది. గోడల మందానికి రెండు వరసలు, ద్వారాలకి ఖాళీ, ఒక మూల పొయ్యికి గుండ్రంగా రాళ్ళు, సైనికుల గదికి ఇంకో వరస. ఆ తమ్ముడు గది గీతల మధ్యకి వెళ్ళి చాప పరిచి కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. తల ఒక గోడకి, కాళ్ళు రెండో గోడ దగ్గర్లోకి వచ్చాయి.

"అక్కా, గీ అర్రల ఎందరుంటరు?" అని అడిగాడు.

ఎనిమిది మందని కొందరు రాశారు, ఇంకా ఎక్కువని కొందరు రాశారని చెప్పాను.

"నేను కొత్తల వచ్చినప్పుడు మా క్యాంప్ రూము గింతే ఉండె. గని అందరం ఒక్కపారి పండేటోళ్ళం కాదు. సగం మంది డ్యూటీల ఉంటుండె."

అప్పుడే వాళ్ళమ్మ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పడుకునే ఎత్తి, ఫోను చుట్టూ తిప్పి రాళ్ళు చూపించాడు. దుబాయ్‌లో ఏం పని చేస్తున్నవు బిడ్డా అని ఆవిడ అడగడం నాకూ వినబడింది. వాళ్ళ వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. కోట కడుతున్నామని చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. ఫోను నాకిచ్చి చెప్పమన్నాడు. నిజమేనమ్మా అన్నాను. ఎండల తిరుగకుండ్రి అని చెప్పి పెట్టేసిందావిడ.

మేం నీడ కోసం కారు వైపు వెళ్తుంటే గుడారాల వైపు నుంచి ఒక తెల్ల ల్యాండ్ క్రూజర్ వచ్చి ఆగింది. అందులోంచి ఒక పెద్దాయన దిగాడు. కతారీ మనిషి, గడ్డం పూర్తిగా నెరిసింది, చేతిలో సన్నటి కర్ర. మొహంలో చిరాకు దాచుకోలేదు. ఇక్కడి పాతతరం వాళ్ళకి హిందీ బాగానే వచ్చు. వచ్చీ రాగానే ఆయన అడిగింది కంపెనీ గురించే.

"యే క్యా హై? కౌన్ కంపెనీ? రోడ్ వేస్తారా ఇక్కడ?" అన్న అర్థంలో హిందీ, అరబీ కలిపి గట్టిగా అడిగాడు. తాళ్ళూ మేకులూ చూసి, తన గుడారాల పక్కనుంచి రోడ్డు వెయ్యడానికి సర్వే జరుగుతోందనుకున్నాడు.

మా ఆయన మొహం పాలిపోయింది. సారీ చెప్పి బయలుదేరదామన్నట్టు నాకు సైగ చేశారు. బస్సు నడిపే తమ్ముడు అప్పటికే మేకు పీకడానికి వంగాడు. కానీ రెండు శనివారాల పని అది. ఇంకా నేను అందులో ఒక్కసారి కూడా స్థిమితంగా నిలబడలేదు.

"మాఫీ కంపెనీ, బాబా," అన్నాను. కంపెనీ ఏదీ లేదని. తర్వాత నాకొచ్చిన హిందీలో చెప్పుకొచ్చాను. నేను చదువుకుంటున్నాను. చాలా పాత కాలంలో, చాలా దూర దేశంలో సైనికులుండిన చిన్న కోట ఇది. నన్ను అక్కడికి రానివ్వలేదు. అందుకని ఇక్కడ పెట్టుకుని చూస్తున్నాను. సాయంత్రానికి రాళ్ళన్నీ ఎక్కడివక్కడ వేసేస్తాం.

కోటకి అరబీలో మాట గుర్తొచ్చి, "ఖల్'ఆ" అన్నాను.

పెద్దాయన కర్ర నేలకి ఆనించి రాళ్ళ వంక చూశాడు. తర్వాత కదిలాడు. ఎదురుగా ఉన్న రాళ్ళ వరస దాటితే లోపలికి ఒక్క అడుగే. అలా దాటలేదు. చుట్టూ తిరిగి వచ్చి, ద్వారం కోసం మేం వదిలిన ఖాళీలోంచి లోపలికి వచ్చాడు. ఆయన వెనక నేనూ, నా వెనక మా ఆయనా, తమ్ముడూ కూడా అలాగే తిరిగి వచ్చాం. అందరం కోట మధ్యలో నిలబడ్డాం. పెద్దాయన కర్రతో ఒక్కొక్కటీ చూపిస్తుంటే నేను చెప్పాను. అది పొయ్యి, అది పడుకునే గది, అవి మెట్లు. తల ఊపుతూ విన్నాడు. అన్నీ అయ్యాక, "అల్-మాయ్ వేన్?" అన్నాడు.

నీళ్ళెక్కడ అని.

నేను పుస్తకం పేజీలు మనసులో తిరగేసుకున్నాను. బావి గురించి ఎక్కడా చదివిన గుర్తు లేదు. తెలియదని చెప్పాను. ఆయనకి అది వింతగా తోచింది. తమ వైపు ఉత్తరాన పాత కోటలన్నీ నీళ్ళ దగ్గరే కట్టారని, బావి లేకపోతే కోటకి పనే లేదని చెప్పాడు. అక్కడి సైనికులు తాగేదేమిటని మళ్ళీ అడిగాడు. కోటకి దక్షిణంగా, చాలా కింద ఒక వాగుందని పటంలో చూశాను. బహుశా అక్కణ్ణుంచి మోసుకునేవారేమో అన్నాను.

ఆయన తన ట్యాంకరు వైపు చెయ్యి చూపించాడు. మోసి చూడమన్నాడు.

అందులో వెటకారం ఏమీ లేదు. ఆయనకి కూడా తెలుసుకోవాలని ఉన్నట్టుంది. తమ్ముడు నేను తెస్తానక్కా అన్నాడు గానీ నేనే మోస్తానన్నాను. ట్యాంకరు దగ్గర మా పెద్ద క్యాను నింపుకుని కోట వైపు నడిచాను. మొదట భుజాన పెట్టుకున్నాను, తర్వాత నడుం మీదికి మార్చాను, సగం దారిలో దించి కాసేపు నిలబడ్డాను. పొయ్యి దగ్గర దించేసరికి చేతివేళ్ళు మడత పడలేదు. ఆ నీళ్ళు మేం నలుగురం తాగి, చేతులు కడుక్కుని, టీ పెట్టుకునేసరికి ఎంత తరిగిపోయాయో చూశాను. రోజూ ఇంతమందికి తాగడానికి, వండటానికి కావాలి. అక్కడ చలికి కట్టెలు కూడా కావాలి. అంటే ఆ కొద్దిమందిలో ఎవరో ఒకరు ఎప్పుడూ బయటే ఉండి ఉంటారు. ఉత్తర ద్వారం గురించే పుస్తకాల్లో పేజీలకి పేజీలు ఉన్నాయి, శత్రువులూ సరుకులూ అందులోంచే అని. కానీ ఆ మనుషుల రోజువారీ బతుకంతా దక్షిణ ద్వారంలోంచే నడిచుంటుందని అక్కడ నిలబడి ఉంటే నాకు అనిపించింది. మొదటిసారిగా నాకంటూ ఒక ఆలోచన వచ్చింది. ఆ పెద్దాయన తెప్పించిన ఖర్జూరాలు తింటూ దాన్ని జారిపోకుండా పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రానికి రాళ్ళన్నీ చెదరగొట్టేశాం. వెళ్ళేముందు చూస్తే అక్కడ ఏమీ జరిగినట్టే లేదు.

వ్యాసం ఈసారి వేగంగా వచ్చింది. నీళ్ళ మోత గురించి రాశాను, గదిలో అందరూ ఒకేసారి పడుకోనవసరం లేకపోవడం గురించి రాశాను, దక్షిణ ద్వారం గురించి రాశాను. ఎక్కడ, ఎలా గీసి చూశానో దాచకుండా రాశాను. పంపేముందు మా ఆయనకి తెలుగులో చెప్పి వినిపించాను. బాగుందన్నారు. ఆయన అంత తొందరగా బాగుందనే మనిషి కాదు.

వారం తర్వాత జవాబొచ్చింది. ఈసారి నాలుగు వాక్యాలు కాదు, పేజీ నిండా ఉంది. మొదటి వ్యాసానికీ దీనికీ పోలికే లేదని, ఇది ఒక మనిషి రాసినట్టుందని రాసింది. దక్షిణ ద్వారం మాట ఆలోచించదగ్గదని రాసింది. ఆ కింద ఇంకో వాక్యం. మీరు ఒక సంగతి మర్చిపోయారు, అక్కడ వర్షం పడుతుంది, అది కూడా ఆలోచించి మళ్ళీ పంపండి.

ఆ వాక్యం ఇంకోసారి చదివాను. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. వరదొస్తే పడవల్లో స్కూలుకి వెళ్ళిన దాన్ని. చూరు కింద గంగాళాలు పెట్టి వాన నీళ్ళు పట్టుకున్న ఇంట్లో పుట్టిన దాన్ని. ఇన్నేళ్ళు ఇక్కడుండి వాన అన్నది ఒకటుందన్న సంగతే మర్చిపోయాను. అక్కడ ఏడాది పొడుగునా జల్లు పడుతూనే ఉంటుందట. కప్పు మీంచి జారే నీళ్ళు తొట్టిలో పట్టుకుంటే వాగు దాకా దిగే పని చాలావరకు తగ్గిపోతుంది.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి నా మొహం చూసి మళ్ళీ తిప్పి పంపారా అని అడిగారు. అవునన్నాను. పోనీలే, నువ్వు చెయ్యగలిగినంత చేశావు, ఇక వదిలేయమన్నారు.

"వదలనండి. ఆవిడ అడిగింది నాకు తెలిసిన సంగతే."

మూడోసారి రాశాను. ఈసారి నీళ్ళ దగ్గర జాగ్రత్తపడ్డాను. మా అమ్మ చూరు నీళ్ళతో ఏమేం చేసేదో, ఏ పనికి ఆ నీళ్ళు ఒప్పుకునేది కాదో గుర్తు చేసుకుని రాశాను. అంట్లకీ బట్టలకీ వాన నీళ్ళు, తాగడానికి బావి నీళ్ళు, అలా ఉండేది మా ఇంట్లో. అక్కడ కూడా కొంత అలా ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు, తవ్వకాల్లో తొట్టెలు దొరికితే గానీ తేలదు అని రాశాను. తెలియదు అన్న మాట నా వ్యాసంలో నాలుగైదు చోట్ల వచ్చింది. ఇదివరకు ఆ మాట రాయాలంటే సిగ్గుపడేదాన్ని. కట్టెల గురించి మాత్రం వెనక్కి తగ్గలేదు. వాన పడితే పొడి కట్టెలు ఇంకా దూరం నుంచి తేవాలి. రోజువారీ రాకపోకలు దక్షిణ ద్వారంలోంచేనన్న మాట అలాగే ఉంచాను.

పాసయ్యాను. గొప్ప మార్కులేమీ కావు. మధ్యరకం. కట్టెల వాదన మీద ఇంకా పని చెయ్యమని టీచరుగారు రాసింది. స్కూలు బస్సు దగ్గర కనబడినప్పుడు ఆ తమ్ముడికి చెబితే, మన కోట పాసైందా అక్కా అన్నాడు. అయ్యిందన్నాను. పెద్దాయన గుడారాలకి కూడా వెళ్ళి చెప్పాలనుకున్నాం గానీ అప్పటికి ఎండలు ముదిరి అవి ఎత్తేశారు.

రెండో ఏడాదికి ఎవరి స్థలం వాళ్ళే ఎంచుకోవచ్చన్నారు. ఉత్తరాన అల్ రువైస్ వైపు వెళ్ళే దారిలో, సముద్రానికి కొంచెం ఇవతల, ఎవరూ పట్టించుకోని చిన్న కోట ఒకటుంది. నాలుగు గోడలు, వాటి పక్కనే పూడిపోయిన బావి. దాన్ని కొలిచి పటం గీస్తానని, ఒక్క రాయి కూడా కదపనని సంబంధిత ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను. మొదటిసారి జవాబు లేదు. రెండోసారి ఏదైనా సంస్థ తరఫున రమ్మన్నారు. నేనే వెళ్ళి కౌంటర్ దగ్గర కూర్చున్నాను. అక్కడున్న యువతి నా పటాలు చూసి, లోపలున్న పెద్ద ఆఫీసరుతో మాట్లాడి వచ్చింది. లోపలికి వెళ్ళకూడదు, బయట నుంచి మాత్రం కొలుచుకోవచ్చు, నాతో పాటు ఇంకొకరు తోడు ఉండాలి అని చెప్పింది.

వచ్చే శనివారం మొదలు. టేపు కొన్నాను. ఆయన డ్యూటీ మార్చుకున్నారు.